పాలు పొంగనివ్వని పొయ్యి

ముందే చెప్పేస్తున్నాను. ఇది మా అన్నయ్య కొత్తింటి గృహప్రవేశాన్ని నేను ఒంటిచేత్తో, అందులోనూ ఒకే ఒక్క వేలితో, తగలెట్టబోయిన కథ. తగలెట్టడం అంటే నిప్పుతో అనుకునేరు. నిప్పుంటే అసలు గొడవే లేదు. నిప్పు లేకపోవడం వల్లే వచ్చింది తంటా అంతా.

చదువుతూ నన్ను తిట్టుకోవాలనిపిస్తే మొహమాటపడకండి. ఇరవై ఎనిమిదేళ్ళ ఆ భానుని మీరెంత తిడితే నేనూ అంత తిడతాను. కానీ తప్పంతా నాదేనంటే మాత్రం ఒప్పుకోను. సగం నాది, సగం ఆ పొయ్యిది. ఈ లెక్క దగ్గర బ్రహ్మదేవుడొచ్చి బతిమాలినా తగ్గేది లేదు.

అప్పటికి రాష్ట్రం విడిపోయి ఏడాది అయింది. నేను విజయనగరంలో కొత్తగా టచ్ ఫోను కొనుక్కుని, బటన్ల ఫోను పట్టుకున్నవాళ్ళని చూసి జాలిపడుతున్న రోజులు. మా ఆయన తన పాత ఫోను మీద టకటకా నొక్కుతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

"ఇంకా ఆ నొక్కుడేటండీ? నలుగురూ సూస్తే ఏటనుకుంటారు?"

"నొక్కితే నొక్కినట్టు తెలుస్తాది. నీది మాటాడతన్నావో, అద్దం తుడుస్తన్నావో తెలీదు" అనేవాడు ఆయన. ఆ మాట విలువ నాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

ఇక మా అన్నయ్య సంగతి. శ్రీకాకుళంలో బట్టల కొట్టు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఏడు అద్దిళ్ళు మారాడు. మారాడు అంటున్నాను గానీ సామాను సర్దిందీ, విప్పిందీ పార్వతి వదిన. ఒక ఇంట్లో గోడకి మేకు కొట్టకూడదు. ఇంకో ఇంట్లో ఎనిమిది దాటితే రుబ్బకూడదు. ఆఖరి ఇంటావిడ ముక్కయితే మరీ విడ్డూరం. కింద వాటాలో పాలు పొంగితే మేడ మీద ఆవిడకి వాసన తగిలేది. రెండు నిమిషాల్లో గుమ్మంలో ఉండేది.

"మళ్ళీ పొంగించీసినావా పార్వతమ్మా? గట్టు రాయికి మచ్చ పడితే నువ్వు కొనిస్తావేటి?"

వదిన తలొంచుకుని గుడ్డ పెట్టి తుడిచేది. పదకొండేళ్ళు పాలు పెట్టినప్పుడల్లా పొయ్యి దగ్గర కాపలా కాసింది ఆ మనిషి. అందుకే ఎచ్చెర్ల వెళ్ళే దారిలో వాళ్ళ సొంతిల్లు పూర్తయి, ముహూర్తం కుదిరిన రోజున నాకు ఫోను చేసి ఒకే ఒక్క కోరిక చెప్పింది.

"భానూ, నా గట్టు మీద పాలు పొర్లిపోవాల. గట్టు మీంచి కిందకి కారిపోవాల. ఒక్కలు కూడా నన్నేటీ అనకూడదు. నువ్వే పొంగించాల మరి, ఆడపడుచువి."

మాలో కొత్తింట్లో పాలు పొంగించే హక్కు ఆడపడుచుది. ఆ ఒక్క పూటా ఆడపడుచు ముందు కలెక్టరుగారైనా కుర్చీలోంచి లేవాల్సిందే. ఆ గర్వం నెత్తికెక్కి, ఉత్తి చేతులతో వెళ్తే బాగోదని, వదినకి ఏదైనా కొత్తరకం వస్తువు కొందామని విజయనగరంలో ఒక పెద్ద షాపుకి వెళ్ళాను.

షాపతను నల్లటి అద్దం పలక లాంటిది ముందు పెట్టాడు.

"కరెంటు పొయ్యండి. బటన్ అన్నదే లేదు, సూసుకోండి. అంతా టచ్చే. ఇలాగ ముట్టుకుంటే సాలు."

ముట్టుకున్నాను. అద్దం కింద ఎర్రటి అంకెలు వెలిగాయి. నా గుండెలో కూడా ఏదో వెలిగింది.

"ఇక్కడ పాలగ్లాసు బొమ్మ ఉన్నాది సూసారా? అది ముట్టుకుని మీరు సీరియల్ సూసుకోండి. పాలు అంచు దాకా వస్తాయి గాని పొంగవు. గ్యారంటీ."

"అస్సలు పొంగవా?"

"సచ్చినా పొంగవండి."

"ప్యాక్ సేసీ బాబూ" అన్నాను ఆనందంగా.

మీకు ఇప్పటికే అర్థమైపోయి ఉంటుంది, నవ్వుకుంటున్నారు. నాకు మాత్రం అర్థం కాలేదండీ. డిగ్రీ చదివిన బుర్ర మరి. పాలు పొంగించడానికి పిలిచిన ఇంటికి, పాలు చచ్చినా పొంగనివ్వని పొయ్యిని, పైన గులాబీరంగు రిబ్బను కట్టించి మరీ తీసుకెళ్ళాను.

ముందురోజు సాయంత్రం నేను వెళ్ళేసరికి వదిన మూడు ఇటుకలు కడిగి, పసుపు రాసి, వంటింట్లో ఆగ్నేయం మూల పేర్చి ఉంచింది. పక్కనే ఎండుకట్టెలు, పిడకలు. పాతపట్నం నుంచి వదిన తల్లి వచ్చింది. ఆవిణ్ణి నేను అత్తా అంటాను. కూతురి కోసం తళతళలాడే ఇత్తడి గిన్నె తెచ్చింది.

"ఏటిది వదినా! కొత్త టైల్సు మీద పొగా? మసి పట్టిస్తావేటి?" అంటూ పొయ్యి విప్పాను. టైల్సు అనేసరికి అన్నయ్య కూడా నావైపుకి వచ్చేశాడు.

"భాను సెప్పింది నిజమే. మరక పడితే పోదు."

"గిన్నె మటుకు ఇదే పెట్టండే" అంది అత్త.

"ఇత్తడి దీనిమీద పనిసెయ్యదత్తా. దీనికి వేరే స్టీలు గిన్నె ఉంటాది, నేను తెచ్చీసినాను."

అత్త గిన్నెని చీర చెంగుతో ఒకసారి తుడుచుకుని సంచిలో పెట్టేసుకుంది. వదిన ఇటుకలు పెరట్లో పడేసి వచ్చింది. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే వాళ్ళని చూశాం. నేను పట్టినదానికి కాళ్ళే లేవు, అంతా టచ్చే అని వాదించిన రకాన్ని నేను.

తెల్లారింది. ముహూర్తం ఏడూ ఇరవై నుంచి ఏడూ నలభై లోపు. గడపలన్నిటికీ నేనే పసుపు రాశాను. హాల్లో పంతులుగారు, బయట సన్నాయి వాళ్ళు, వంటింట్లో నేనూ, వదినా, అత్తా. తలుపు దగ్గర వాచీ చూసుకుంటూ అన్నయ్య. గిన్నెలో లీటరు ఆవుపాలు. నేను పట్టుచీర సర్దుకుని వేలు చాపాను.

"ఆగవే! పొయ్యికి బొట్టు పెట్టకుండా యెలిగిస్తారేటి?" అంది అత్త. తడి పసుపు తీసి, సరిగ్గా బొమ్మలున్న చోట మూడు బొట్లు పెట్టి, పైన కుంకుమ అద్దింది.

"అక్కడ కాదత్తా!"

"మరెక్కడే? అదే కదా దాని మొహం! బొట్టు మొహానికి కాక ఈపుకి పెడతారేటి?"

పొయ్యి కీచుమంది. ఆగకుండా కీచుమంటూనే ఉంది.

"ఓలమ్మో! ఏడుస్తన్నాదే ఇది!" అత్త రెండడుగులు వెనక్కి వేసింది.

గబగబా తుడిచాను. తుడిస్తే పసుపు అద్దమంతా అలుక్కుంది. కీచు ఆగింది. ఆన్ బొమ్మ మీద వేలు పెట్టాను. ఏమీ లేదు. మళ్ళీ పెట్టాను. ఉహూఁ. గడపలకి రాసిన పసుపు నా వేళ్ళకి పట్టేసి ఉంది. పట్టుచీర కొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టాను. మెల్లగా పెట్టాను, గట్టిగా పెట్టాను, చూపుడువేలు పెట్టాను, చిటికెనవేలు పెట్టాను. ఆ అద్దం నన్ను గుర్తుపడితే ఒట్టు. షాపులో ఎంత మర్యాదగా వెలిగింది! అది డబ్బు కట్టకముందు చూపించే మర్యాద.

"పనిసేస్తాదా అది?" అన్నాడు అన్నయ్య.

"సేస్తాది అన్నయ్యా. ముట్టుకుంటే సాలు."

"ఇందాకటి నించీ ముట్టుకుంటనే ఉన్నావు గదే!"

"సంటిపిల్లని జోకొట్టినట్టు ఆ నిమరడమేటే? రెండు తగిలించు" అని అత్త సలహా.

ఇక్కడ ఒక్క నిమిషం కథ ఆపి నా కడుపుమంట వెళ్ళగక్కుకోనివ్వండి. మా అమ్మ మిక్సీకి ఒక పిడి ఉండేది. ఒకటి, రెండు, మూడు అని తిప్పితే టక్, టక్, టక్ అనేది. చేతికి పిండి ఉన్నా తిరిగేది, నూనె ఉన్నా తిరిగేది, కోపం ఉన్నా తిరిగేది. వంట చేసే చేతికి తడి ఉంటుందని ఆ పిడి చేసినవాడికి తెలుసు. ఈ అద్దం చేసినవాడు జన్మలో అన్నం వార్చి ఉండడు. వంటగదిలో పొడివేలు ఎవరికుంటుందయ్యా, కూర్చుని తినేవాడికి తప్ప!

ఏడూ ఇరవై ఆరుకి, ఏ పుణ్యం అడ్డొచ్చిందో, అంకెలు వెలిగాయి. పాలగ్లాసు బొమ్మ ముట్టుకున్నాను. ఒక్కదెబ్బకే పట్టుకుంది. నేను అందరి వంకా చూశాను, చూశారా అన్నట్టు.

అయిదు నిమిషాలకి పాలు కదిలాయి. నురుగు లేచింది. వదిన గుప్పెట్లో బియ్యం పట్టుకుని ముందుకి వంగింది. ఆవిడ మొహం చూడాలి అప్పుడు. కొత్త పెళ్ళికూతురిలా ఉంది.

"పొంగతన్నాయి! పొంగతన్నాయి!" అత్త కేక. బయట సన్నాయి ఎత్తుకున్నారు.

పాలు అంచు దాకా వచ్చాయి. అందరి మొహాలూ ఒకసారి చూశాయి. కిందకి దిగిపోయాయి. సన్నాయి మధ్యలో ఆగిపోయింది.

"అమ్మా, పాలు పొంగాయా?" హాల్లోంచి పంతులుగారు.

"వస్తన్నాయండీ!" అన్నాను, పాలు బస్సులో వస్తున్నట్టు.

మళ్ళీ లేచాయి, మళ్ళీ దిగాయి. మూడోసారి కూడా అదే వరస. అప్పుడు గుర్తొచ్చింది నాకు. సచ్చినా పొంగవండి. ఎవరితో చెప్పుకోను? పెళ్ళికొడుకుని తేరా అంటే వాడికి దాక్కోవడం నేర్పి తెచ్చినట్టుంది నా పని.

సరే, ఆ పాల బొమ్మ తీసేసి, వేపుడు మూకుడు బొమ్మ నొక్కితే వేడి పెరుగుతుంది కదా అని దాని మీద పొడిచాను. పట్టలేదు. ప్లస్ మీద పొడిచాను. అది కూడా పట్టలేదు. ఇక వరసపెట్టి అన్నీ పొడిచేశాను. కీచుమని, మూలనున్న తాళంకప్ప బొమ్మ ఎర్రగా వెలిగింది. తర్వాత ఏది ముట్టుకున్నా ఉలుకూ లేదు, పలుకూ లేదు. గిన్నెలో పాలు మాత్రం గుడగుడమంటూ కాగుతూనే ఉన్నాయి.

"ఏటైనాది?" అన్నాడు అన్నయ్య.

"తాళం పడిపోనాది."

ఆ మాట పంతులుగారికి వినపడింది. "గృహప్రవేశం నాడు తాళమేమిటమ్మా! అశుభం, తీసెయ్యండి!"

"దాని పుస్తకం ఉంటాది గదా, సూడు!"

"పారీసినాను అన్నయ్యా."

"ఎందుకే?"

"టచ్‌కి పుస్తకం ఎందుకులే అని."

అన్నయ్య నావైపు చూసిన చూపు రాయడానికి తెలుగులో అక్షరాలు చాలవు. గోడ స్విచ్చి ఆపి మళ్ళీ వెయ్యమని అత్త అంది గానీ, మళ్ళీ ఆ అద్దాన్ని వెలిగించాలంటే నా వేలికి ఇంకో ఆరు నిమిషాలు కావాలి. ఏడూ ముప్పై అయిదు అయిపోయింది. పెరట్లో ఇటుకలున్నాయి, కట్టెలున్నాయి. తెచ్చి పేర్చి, ఊది, అంటించేసరికి ముహూర్తం దాటిపోతుంది.

అప్పుడు వదిన అంది, చాలా మెల్లగా. "పోనీలే భానూ. కాగినాయి కదా. సాలు."

చూడండి, తిట్టి ఉంటే బాగుండేది. నీ పొయ్యీ నువ్వూ అని గిన్నె విసిరికొట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఆ "సాలు" నాకు బాగా తెలుసు. ఏడు అద్దిళ్ళలో గుడ్డ పెట్టి గట్టు తుడుస్తూ అన్న "సాలు" అది. సొంతింట్లో, మొదటి రోజు, మొదటి పొద్దున్న, మళ్ళీ ఆవిడ చేత ఆ మాట అనిపించింది ఏ ఇంటావిడో కాదు, నేను. నాకు ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు, చెప్పుకోకూడని దుర్బుద్ధి ఒకటి పుట్టింది.

"అత్తా, అయిపోవచ్చింది, హారతి పళ్ళెం సూడు. అన్నయ్యా, సన్నాయి వాళ్ళని సిద్ధంగా ఉండమను" అన్నాను. అత్త హాల్లోకి వెళ్ళింది. అన్నయ్య అటు తిరిగాడు. వదిన చెంగుతో కళ్ళొత్తుకుంటోంది. నేను పటకారుతో గిన్నె అంచు పట్టుకుని, పాలు నురుగెత్తిన సమయం చూసి, ఒక్కసారిగా ముందుకి వంచాను. గిద్దెడు పాలు భళ్ళున అద్దం మీద పడ్డాయి.

"పొంగాయ్! పొంగాయ్!" అని కొత్తింటి కప్పు ఎగిరిపోయేలా అరిచాను.

సన్నాయి మోగింది, డోలు మోగింది. "ఓలమ్మ, నా తల్లే!" అని అత్త హాల్లోంచి ఆనందం. "శుభం, శుభం" అని పంతులుగారు. అన్నయ్య సన్నాయి వాళ్ళ వైపే పరుగెత్తాడు. వంటింట్లో నేనూ వదినా మిగిలాం. నేను ఆవిడ కళ్ళలోకి చూడలేక పొయ్యి వంక చూశాను.

చూస్తే ఏముంది! ఒలికిన పాలు మెల్లగా పాకి, ఆ తాళంకప్ప బొమ్మ మీద మడుగు కట్టి కూర్చున్నాయి. నేను టకటకా పొడిచి వేలు తీసేశానే, అవి అలా చేయలేదు. తాపీగా కూర్చున్నాయి. ఒకటి, రెండు, మూడు. కీచ్! తాళం ఆరిపోయింది. మూడు క్షణాలు కదలకుండా ముట్టుకుని ఉంటేనే విడిపోయే తాళమట అది. అక్కణ్ణించి పాలు ఇంకాస్త జరిగి మూకుడు బొమ్మ మీదకి వెళ్ళాయి. కీచ్! అక్కణ్ణించి ప్లస్ మీదకి. అంకెలు పైకి, ఇంకా పైకి, ఆఖరిదాకా ఎక్కిపోయాయి. నా పది వేళ్ళనీ పురుగుల్లా చూసిన అద్దం, గిద్దెడు పాలకి సలాం కొట్టింది!

గిన్నెలో పాలు బుస్సున లేచాయి. ఈసారి అంచు దగ్గర ఆగలేదు, ఎవరి మొహమూ చూడలేదు. నాలుగు వైపులా పొర్లి, పొయ్యి మీద, గట్టు మీద, గట్టు దిగి క్రీమురంగు టైల్సు మీద. ఆపుదామని వేలు పెడితే ఎక్కడిది? అద్దం అంతా పాలే. నేను గోడ స్విచ్చి దగ్గరికి దూకాను. నల్లటి, లావుపాటి, నొక్కితే టక్కుమనే స్విచ్చి. ఆ ఇంట్లో ఆ పూట నాతో నిజాయితీగా ఉన్నది అదొక్కటే. దాని మీద చెయ్యి వేశాను.

వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఉండు. ఆపకు."

"వదినా, నేల మీదకి కారిపోతన్నాయి!"

"కారనీ. ఎవరేటంటారు?"

గోడ గడియారం ఏడూ ముప్పై తొమ్మిది. ఆవిడ గుప్పెట్లో చెమటకి తడిసిన బియ్యం పొంగుతున్న పాలలో వేసింది. పాలు మా కాళ్ళ దాకా వచ్చాయి, వెచ్చగా. మా వదిన మట్టెల వేళ్ళు ఆ పాలలో తడుపుకుంటూ నిలబడి, పదకొండేళ్ళలో నేనెప్పుడూ వినని నవ్వు ఒకటి నవ్వింది.

నేను తట్టుకోలేకపోయాను. "వదినా, ఒక మాట. మొదట పొంగినవి నిజంగా పొంగలేదు. నానే ఒంపీసినాను."

"సూసినాను."

"సూసీసినావా! కళ్ళొత్తుకుంటన్నావు గదా!"

"ఒక కన్నే ఒత్తుకున్నాను. రెండో కంటితో పటకారు ఎక్కడున్నాదా అని ఎతుకుతన్నాను. నువ్వు ముందు పట్టీసుకున్నావు గాని, నీకంటే బాగా ఒంపీదాన్ని నాను."

పంతులుగారు ప్రసాదానికి పాలు అడిగేసరికి గిన్నెలో గరిటెడు మిగిలాయి. ఆ గరిటెడుతో వండిన పరమాన్నం వచ్చినవాళ్ళందరికీ తలా ఒక మెతుకు దక్కింది. ఆడపడుచు లాంఛనం కింద నాకు కంచి పట్టుచీర వచ్చింది, సిగ్గుపడకుండా తీసుకున్నాను. టైల్సు మీద మరక పోలేదు. అన్నయ్య దాని మీద పట్టా పరిస్తే వదిన తీసేస్తుంది.

ఇప్పుడు మా ఇంట్లో అందరూ నన్ను వెక్కిరిస్తారు. రోజులు మారాయట, ఫ్యాను టచ్, వాషింగ్ మిషను టచ్, ఆఖరికి గోడ మీద స్విచ్చి కూడా టచ్చేనట. మారితే మారనివ్వండి. కాబట్టి, ఇంటిల్లిపాదీ ఎదుట, గ్యాసు పొయ్యి పిడి మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. తడిచేతిని గౌరవించని వస్తువు నా గడప తొక్కదు. పుస్తకం చదవకుండా ఏ పొయ్యినీ ఎవరి నెత్తిన పెట్టను. పొంగని పాలని పొంగాయని మళ్ళీ జన్మలో అరవను. ఒకవేళ ఖర్మకాలి ఏ టచ్ ముందైనా నిలబడాల్సి వస్తే, దాన్ని వేలితో బతిమాలే పని పెట్టుకోను. నేరుగా గిద్దెడు పాలు పోసేస్తాను.